నీలం కారు మీద సుడులు

“టోపీ తీసీ,” అన్నాడు ఢిల్లేశ్వరరావు.

పాలిష్ మిషన్ చేతిలోకి తీసుకోబోతున్న శ్యాంసుందర్ తడబడ్డాడు. “ఎందుకు సార్?”

“దాని అంచు తగిలి పెయింటు గీసుకుపోతే ఎవుడిది పూచీ?”

నిజమే. వాచీ, బెల్టు ముందే తీసి పక్కన పెట్టాడు గానీ టోపీ సంగతి తట్టనేలేదు. పలాసలో రెండేళ్లుగా కార్ల పాలిష్ షాపు నడుపుతున్నాడు, ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి ఇంతవరకూ తగల్లేదు. టోపీ తీసి మేకుకి తగిలించాడు. ‘మావా’ అని పిలవాలని నోటిదాకా వచ్చింది. తొందరపడితే మొదటికే మోసం వస్తుందని ‘సార్’ దగ్గరే ఆగిపోయాడు.

ఈ ఢిల్లేశ్వరరావు ప్రవల్లిక తండ్రి. జలంత్రకోటలో జీడితోట, కొబ్బరితోట ఉన్న ఆసామి. టెక్కలిలో టీచరుగా చేస్తున్న ప్రవల్లిక, తను శ్యాంసుందర్‌నే చేసుకుంటానని ఇంట్లో చెప్పి నెల దాటింది. తల్లి రత్నాలమ్మ సరేనంది. తండ్రి మాత్రం అవుననలేదు, కాదనలేదు. ఈరోజు పొద్దున్నే ప్రవల్లిక ఫోన్ చేసింది.

“నాన్న కారేసుకుని నీ దగ్గరికే వత్తన్నాడు. ఏదో సూడాలట. సూశాకే మాట సెప్తాడట. ఆయన కాదంటే ఇంక నేనేటీ సెయ్యలేను, సుందరూ.”

చూడాల్సింది పనితనమేనని శ్యాంసుందర్‌కి ఇట్టే అర్థమైంది. చేతకానివాడికి ఏ తండ్రి మాత్రం పిల్లనిస్తాడు?

కారు ముదురు నీలం. ఎండ పడితే చాలు, బోనెట్ నిండా సన్నని గుండ్రటి గీతలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ కనిపిస్తున్నాయి.

“ఇన్ని సుడులు ఎలాగొచ్చాయి సార్? దేంతో కడుగుతారు?”

“కొబ్బరి పీచుతోటి. మా ఎడ్లని అలగే తోముతాను. ఎలగ మెరుత్తాయనుకున్నావు!”

“ఎడ్లకి పెయింటుండదు కద సార్,” అన్నాడు శ్యాంసుందర్ నవ్వు ఆపుకుంటూ.

“అయితే ఏటంటావు? ఇయన్నీ పోతాయా?”

“ఒక్క సుడి కూడా ఉంచను సార్.”

“సూద్దుం.”

సంతలో ఎద్దును చూసే మనిషిలా కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఢిల్లేశ్వరరావు ఎత్తు స్టూలు లాక్కుని సరిగ్గా శ్యాంసుందర్ వెనకే కూర్చున్నాడు. గీతలు వెతికే టార్చిలైటు ఇలా ఇమ్మని అడిగి తీసుకున్నాడు.

మిషన్ సన్నగా గుర్రుమంది. స్పాంజి చక్రం కింద తెల్లటి పాలిష్ మసకగా పరుచుకుంటోంది. ఈ పనిలో తొందర పనికిరాదు. చెయ్యి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, నెమ్మదిగా నడవాలి. అలా నడుస్తుంటే మనసు దాని దారిన అది పోతుంది. ఎక్కడినుంచో జీడిపిక్కలు వేగుతున్న వాసన వస్తోంది. గుడ్డతో తుడిచిన చోటల్లా నీలం లోతుగా తేలింది. ఆకాశం అందులోకి దిగింది. ఒక మబ్బు హెడ్‌లైటు దాకా తేలుతూ పోయి మాయమైంది.

ఆ నీలంలోనే ప్రవల్లిక చెప్పులు చేత్తో పట్టుకుని భావనపాడు సముద్రం ఒడ్డున నడుస్తోంది. చున్నీ గాలికి ఎగురుతోంది. తను కారు తలుపు తీసి పట్టుకుంటే ఇసక కాళ్లతోనే ఎక్కేసింది. మరొకరైతే కసిరేవాడే, ఆమెని ఏమీ అనబుద్ధి కాలేదు. సీటు నిండా ఇసక, ఆమె నవ్వు. ఎంత హాయిగా ఉందో! ఈ ఒక్క కారు గట్టెక్కితే అదంతా నిజమైపోతుంది.

“వొంగు,” అంది వెనకనుంచి గొంతు. “ఇంకాస్త వొంగు.”

వొంగాడు. టార్చి వెలుగు బోనెట్ మీద నిలవకుండా మాటిమాటికీ తన తలమీదికి జారిపోతోంది. పాపం, పెద్దాయన చెయ్యి లాగుతోంది కాబోలనుకున్నాడు.

“ఓలమ్మో, రెండులాగున్నాయే!”

శ్యాంసుందర్ గబుక్కున మిషన్ ఆపేశాడు. “ఎక్కడ సార్?”

“నువ్వు కదలకు.” ఢిల్లేశ్వరరావు గొంతులో నిజంగానే దిగులుంది. “నెత్తంతా తెల్లమందు సిందింది. కళ్లల్లో పడతాది, ముందది తుడుసుకో.”

అంత దిగులులోనూ తన కళ్ల గురించి ఆలోచించినందుకు శ్యాంసుందర్‌కి ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తడిగుడ్డతో తల తుడుచుకుని మళ్లీ వొంగాడు. ఆ రెండూ ఎక్కడున్నాయో తనకి కనబడలేదు. అయినా బోనెట్ అంతా మొదటినుంచి ఇంకోసారి మిషన్ తిప్పుకొచ్చాడు. వెలుగు తలమీద చాలాసేపు నిలిచి, ఆరిపోయింది.

“ఒక్కటే,” అన్నాడు ఢిల్లేశ్వరరావు స్టూలు దిగుతూ.

శ్యాంసుందర్ లేచి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు, మెడ వాల్చి చూశాడు. అద్దంలా ఉంది. ఎక్కడా ఏమీ లేదు. ఉన్నది పెద్దాయన కళ్లకే కనబడుతోంది.

“ఎక్కడుంది సార్? సూపించండి, చిటికెలో తీసేత్తాను.”

“అది నీవల్ల కాదులే, ఒగ్గీ,” అంటూ ఆయన ఫోన్ పట్టుకుని షెడ్డు బయటికి నడిచాడు.

శ్యాంసుందర్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కటి కూడా ఉంచనని తనే అన్నాడు, మాట పోయింది. భావనపాడు ఒడ్డున ఇప్పుడు ఎవరూ లేరు. ప్రవల్లికకి ఏమని చెప్పాలి? చేతిలో గుడ్డ నలుపుతూ అక్కడే నిలబడిపోయాడు. బయట ఢిల్లేశ్వరరావు భార్యతో మాట్లాడుతున్నాడు. తోటలో పిలిచే అలవాటేమో, గొంతు షెడ్డంతా వినిపించింది.

“రత్నాలూ, గుంటడి నెత్తి మీద సుడి ఒక్కటే, రెండో పెళ్లి బెంగ నేదు!”