కందకంలో వాలు

ఏనుగులు చేలల్లోకి రాకుండా కుప్పం అడవి అంచున తవ్విన కందకంలో పోయినేడు ఒక గున్న ఏనుగు పడి చచ్చిపోయింది. అందుకే ఈ ఏడు ఫారెస్టు వాళ్ళం రెండు గట్లకూ ఇరుకుగా వాలు చెక్కించాం. పెద్దవి దిగవనుకున్నాం. ఏమవుతుందో చూసి మార్చుకుందామనుకున్నాం.

పోయిన వారం పెద్ద అడుగులే వాలు దిగి, ఎక్కి, గట్టు పక్కనున్న కుప్పమ్మ రాగిచేలోకి పోయాయి.

"వాలు తీసేస్తామమ్మా," అన్నాను.

"మా పక్కది తియ్యప్పా. అడవి పక్కది ఉండనీ, పిల్ల పడినా ఎక్కిపోతాది. పోయినేడు తల్లి మూడు దినాలు ఆడే నిలబడి అరిసింది గదా."

రాసుకోవడానికి ఫారెస్టు రిజిస్టరు తెరిచాను. పేజీలు తిప్పుతుంటే, కందకం తవ్విన 1997 నాటి పేజీలో, వాలు కావాలని పట్టుబట్టిన ఒకే ఒక్క రైతు వేలిముద్ర కనిపించింది.

కుప్పమ్మ దాన్ని తడిమింది.

"మా ఆయనదే. పోయిన వారం చేలో ఈయన్ని తొక్కి చంపేటప్పుడు ఆ తల్లికి తెలీలేదప్పా, బిడ్డ కోసరం వాలు అడిగింది ఈయనేనని."