బందరాయన వడ్డీ

"ఎవరండీ మీరు? అడక్కుండా కూర్చున్నారేంటి?"

కుర్చీలో కూలబడిన పెద్దాయన ఆయాసపడుతూనే నవ్వాడు.

"కోడూరులో బస్సు దిగి నడిచొచ్చానమ్మా. నా పేరు సలాం. బందరులో రోల్డుగోల్డు కొట్టు. మీ సర్పంచి కాంతారావు గారికి రెండు లక్షలు..."

పంచాయతీ సెక్రటరీ రమ్యకి ఒళ్ళు మండిపోయింది. ఓహో, ఆ మహానుభావుడు ఈయనేనా!

పోయినేడు పంచాయతీకి రావాల్సిన నిధులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మంచినీళ్ళ మోటారు కాలిపోయింది. ఊరు ఊరంతా బిందెలతో ఆఫీసు మీదకొస్తే, కాంతారావు బందరు వెళ్ళి అప్పు తెచ్చాడు.

"రెండు నెల్లేనమ్మా. బిల్లులు పడగానే తీర్చేద్దాం. నూటికి మూడు రూపాయల వడ్డీ," అన్నాడు.

రెండు నెలలు కాస్తా పది నెలలయ్యాయి. నెలనెలా ఆరువేలు కుళాయి పన్నులోంచి తీసి, బ్లీచింగ్ పౌడరు కొన్నట్టు దొంగ బిల్లు రాసి, రమ్య కాంతారావు చేతిలో పెడుతోంది.

దేవమ్మ పొట్ట కొడితే మిగిలిన ఆరువేలు అవి. పద్దెనిమిదేళ్ళు ఊరు ఊడ్చిన మనిషిని జీతమివ్వలేక మానిపించారు. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది పాపం. ఐసు నీళ్ళకి వేళ్ళు చివికిపోయాయి.

"ఆయన రాసిచ్చిన అప్పు నోటు సంగతే మాట్లాడదామనమ్మా," అన్నాడు సలాం.

"ఏం మాట్లాడతారండీ? నెల తిరక్కుండా వడ్డీ అందుతోందిగా! అసలు కూడా ఇప్పుడే కక్కమంటారా?"

"వడ్డీయా?"

"తెలీనట్టు అడుగుతారేంటి? మీ ఆరువేల కోసం దేవమ్మని పనిలోంచి తీసేశాం. ఆవిడ కూడు మీరు తింటున్నారు. అరుగుతోందా?"

పెద్దాయన మొహం పాలిపోయింది.

"నా పేరు చెప్పే తీశారా అమ్మా ఆ డబ్బు?"

"మరింకెవరి పేరు?"

ఆయన మంచినీళ్ళడిగాడు. రమ్య విననట్టే ఊరుకుంది. కాసేపటికి గోడ పట్టుకుని లేచి, కాంతారావు ఇల్లెటో గుమ్మంలో ఎవర్నో అడిగి వెళ్ళిపోయాడు.

భలే కడిగేశానని రమ్య సంబరపడింది.

పది రోజుల తర్వాత కాంతారావు వచ్చి, "బందరాయన పోయాడమ్మా. వడ్డీ ఇక వాళ్ళమ్మాయికి పంపాలి," అన్నాడు.

పీడా పోయింది, ఆ అమ్మాయైనా మనిషిలా వింటుందేమో అనుకుంది రమ్య. నెలాఖరుకి బందరులో మీటింగు పడితే, ఆరువేలూ తనే తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

సలాం కూతురు సుమయ్యా తలుపు తీయగానే నోట్లు చేతికివ్వబోయింది.

"ఏంటండీ ఇది?"

"ఈ నెల వడ్డీ అండీ. మీకు దణ్ణం పెడతాను, కాస్త తగ్గించుకోండి. మా దేవమ్మని మళ్ళీ పనిలోకి తీసుకుంటాం."

సుమయ్యా ఆ నోట్లు ముట్టుకోలేదు.

"వడ్డీ మాకు హరామండీ. నాన్న జన్మలో ఒక్క రూపాయి వడ్డీ తీసుకోలేదు. ఊరికి నీళ్ళు లేవంటే ఉత్తినే ఇచ్చారు."

పది నెలల ఆరువేలూ ఎవరింటికి చేరాయో రమ్యకి అప్పుడు వెలిగింది. ఛీ, ఆ దొంగ బిల్లులన్నిటి మీదా తన సంతకమే!

"మీ ఊరొచ్చి వెళ్ళిన రోజు నాన్న అన్నం ముట్టలేదండీ. 'నా పేరు మీద వడ్డీ తిన్నారమ్మా' అని ఒకటే ఏడుపు. ఆ బెంగతోనే పోయారు."



"మరి... ఆ రోజు ఆయన అసలు అడగడానికేగా వచ్చింది?"

"అడగడానికా? గుండె ఇక ఎన్నాళ్ళో ఆడదని డాక్టరు చెప్పేశాక, ఆ రెండు లక్షలూ వదిలేశానని చెప్పి, నోటు మీ కళ్ళ ముందే చింపేసి రావడానికి వచ్చారండీ."