సీసం బిళ్ళ

నిన్నటి వానకు బీటీ పత్తిచేలో ఇంకో సీసం బిళ్ళ తేలింది. ఇదైనా పాత నాణెం అవుతుందేమో అడుగుదామని దాన్ని తువ్వాలు కొసన ముడేసుకొచ్చాడు బుల్లయ్య. చిలకలూరిపేటలో ప్రేమ్‌చంద్ మేష్టారు పెట్టిన నాణేల ప్రదర్శనలో, ఒక అద్దాలపెట్టె ముందు ఆగిపోయాడు.

లోపల ఓడ బొమ్మ బిళ్ళ. అంచున తన నాగలికర్రు తగిలి పడ్డ గాటు.

“మేష్టారూ, ఇది నిరుడు నేనిచ్చిందే కదండీ? వలకు కట్టే సీసమని చెప్పి, పారేశానన్నారు గదా.”

“అది వేరు బుల్లయ్యా.”

“మరి ఈ చీటీలో ఏం రాశారు?”

“శాతవాహనుల కాలందని, నాకు అమరావతిలో దొరికిందని.”

చదువురాని బుల్లయ్యకు ఇన్నేళ్ళూ పొలం కాగితాలన్నీ చదివిపెట్టింది ఆ గొంతే.

మేష్టారి చూపు తువ్వాలు ముడి మీద పడింది. “ఏం తెచ్చావు?”

బుల్లయ్య ముడి ఇంకాస్త బిగించాడు.

“వలకు కట్టే సీసమండీ.”