నాలుగో నవల

"ఇవాళ్టితో సరి. ఇక జన్మలో కలం పట్టను," అన్నాడు రచయిత, పుస్తకాల కట్టలు హాల్లో దబ్బున పడేసి.

షాపువాడు అతని మూడో నవల తిరగ్గొట్టాడు. "పరీక్షల సీజను సార్. గైడ్లు పెట్టుకోవాలి, చోటు లేదు," అన్నాడు. ఆరు నెలల్లో అమ్ముడైనవి పదకొండు కాపీలు. అందులో నాలుగు, తెలిసినవాళ్లను పంపి అతనే కొనిపించుకున్నవి.

తనే రాసి, తనే టైపు చేసి, తనే అచ్చుతప్పులు దిద్ది, అట్ట మీద బొమ్మ దగ్గర్నుంచి కట్టలకు తాడు బిగించడం దాకా తనే చేసుకున్న పుస్తకాలవి. ఏ ప్రచురణకర్త గడపా తొక్కలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. నిజానికి తొక్కని గడప లేదు. అన్ని తలుపులూ మూసుకున్నాక పుట్టుకొచ్చిన గొప్ప అది.

వంటింట్లోంచి భార్య వచ్చింది, చేతిలో తడి గిన్నెతో. కట్టల్నీ అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"అంటే, నాలుగోది రాయరా?"

"ఏం చూసుకుని రాయమంటావు? ఆఫీసుకు ముందు రెండు గంటలు, వచ్చాక మూడు గంటలు. ఎవడి కోసం? ఇక హాయిగా సాయంత్రాలు మీతోనే ఉంటాను."

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాడు. సాటి రచయితల ఇళ్ల సంగతి అతనికి తెలియనిది కాదు. ఒకాయన రాతప్రతిని భార్య పొయ్యిలో పెట్టిందట. ఇంకొకాయన ఇంట్లో తెలియకుండా మేడ మీద దాక్కుని రాసుకుంటాడు. కానీ తన భార్య మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

"అలా అనకండి. మీరు రాయాలి," అంది.

"పదకొండు మంది కోసమా?"

"ఒక్కరూ కొనకపోయినా సరే. మూల గది పూర్తిగా మీకే ఇచ్చేస్తాను. పిల్ల హాల్లో చదువుకుంటుంది. టీవీ తీసేద్దాం. ఇవాళే మొదలుపెట్టండి."

"ఇవాళేనా? కథ తట్టొద్దూ?"

"కూర్చుంటే అదే తడుతుంది. ఈసారి కాస్త పెద్దది రాయండి. ఏడెనిమిది వందల పేజీలు."

"అంత లావు నవల ఈ రోజుల్లో ఎవడు చదువుతాడే?"

"చదవకపోతే మానేయమనండి. మీరు మాత్రం తొందరపడి ముగించొద్దు."

అతని చేతులు పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు. రచయిత మనసు కరిగిపోయింది. లోకమంతా ఒకవైపు, ఈ పిచ్చిది ఒకవైపు అనుకున్నాడు. రాయని రోజుల్లో తనకు కాస్త చిరాకెక్కువన్న సంగతి అతనికీ తెలుసు. కళాకారుడన్నాక ఆ మాత్రం ఉంటుంది. దాన్నీ భరించి, పైగా రాయమని బతిమాలే భార్య ఎంతమందికి దొరుకుతుంది? ఇలాంటి పాఠకురాలు ఒక్కతి ఉంటే చాలు, జీవితాంతం రాయొచ్చు. తన నవలల్లో ఒక్కటైనా ఆవిడ చివరిదాకా చదవలేదన్న సంగతి అప్పుడతనికి గుర్తు రాలేదు.

"సరేలే, నీ మాట కాదనను," అన్నాడు.

ఆవిడ గబగబా గది ఊడ్చింది, బల్ల తుడిచింది, తెల్లకాగితాల కట్ట విప్పి పెట్టింది. ఫ్లాస్కు నిండా కాఫీ తెచ్చింది. పన్నెండేళ్ల కూతురు తన సంచీ, పుస్తకాలూ ఎత్తుకుని పిల్లిలా హాల్లోకి మోసుకుపోసాగింది. అతను రాస్తున్నన్నాళ్లూ ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినపడదు. తన రాతకు ఇంట్లోవాళ్లిచ్చే ఈ మర్యాద చూసినప్పుడల్లా అతనికి కడుపు నిండిపోతుంది.

కాగితం ముందు కూర్చున్నాడు. కథ తట్టలేదు గానీ అంకితం తట్టింది. 'నా చేత రాయించే నా ఇంటి దీపాలకు' అని రాసుకుని, చదువుకుని, మురిసిపోయాడు. అప్పుడే కూతురు మిగిలిన పెన్సిళ్ల కోసం వచ్చింది.

"అమ్మలూ, ఒకటడుగుతా చెప్పు. నా మూడు నవలల్లో నీకేది ఇష్టం?"

ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న చేతిలో పెన్ను ఉందో లేదో చూసుకుంది. ఉంది.

"రెండోది నాన్నా."

రచయిత నవ్వాడు. ఉన్నవాటిలో ఎక్కువ తిట్లు తిన్నది ఆ రెండోదే. సాగదీశాడని ఒక పత్రికలో చీల్చి చెండాడారు.

"చదివావా?"

"లేదు."

"చదవకుండానే ఎలా నచ్చింది తల్లీ?"

"అది రాయడానికి నీకు ఏడాదిన్నర పట్టింది కదా," అంది కూతురు. "అన్నాళ్లూ నువ్వు అమ్మని ఒక్కసారి కూడా కొట్టలేదు."