ఏరి పారేసిన సువార్త

ఆ పిల్ల నోరు విప్పకముందే ఇమ్మానుయేలుకి నచ్చలేదు.

కిరందుల్ తెలుగు చర్చిలో శనివారం మధ్యాహ్నం. ముగ్గురు సంఘ పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. ఎదురుగా దేవే నిలబడింది. సుక్మా అడవి పల్లె నుంచి రైల్వే రెండో లైను పనికి కూలిగా వచ్చిన దొర్ల తెగ పిల్ల. అదే లైనులో ట్రాక్‌మ్యాన్ సునీల్. ఇమ్మానుయేలుకి ఒక్కగానొక్క కొడుకు. రేపు ఈమెకు బాప్తిస్మం అయితేనే గురువారం ఇద్దరికీ చర్చిలో పెళ్లి. లేకపోతే లేదు.

పాస్టరుగారు జగదల్‌పూర్ మీటింగుకి వెళ్లారు. ఆయన ఉంటే "పోనీలెండి" అనేవారు. లేకపోవడం దేవుడి చిత్తమే అనుకున్నాడు ఇమ్మానుయేలు.

బాప్తిస్మానికి ముందు ఎవరైనా సరే, పెద్దల ఎదుట ప్రభువు కథ ఒకటి సొంత నోటితో చెప్పాలి. ఆ సంఘంలో అది ఆనవాయితీ.

"చెప్పమ్మా," అంది కార్యదర్శి శాంతిప్రియ.

"ఒక గుడ్డోన్ని ప్రభువు చెయ్యి పట్టుకొని ఊరి బయటికి తోల్కపోయిండు," అంది దేవే. "కండ్ల మీద ఉమ్మేసి, ఏమన్న కనబడ్తుందా అని అడిగిండు. మనుషులు కనబడ్తుండ్రు గని చెట్ల లెక్క నడుస్తుండ్రు అన్నడు వాడు. ఆయన మళ్ల చెయ్యి పెట్టిండు. గప్పుడు మంచిగ కనబడ్డది."

ఇమ్మానుయేలు పకపకా నవ్వాడు.

"ఉమ్మీసాడా? ప్రభువు? పైగా ఒక్క తడవకి నయం కాలేదా? ఆయనేటనుకున్నావు, రెండో సూది వెయ్యడానికి సంత డాక్టరా?"

రైల్వే గార్డుగా రిటైరైన ఇమ్మానుయేలు, బైబిల్లోని నాలుగు సువార్తలూ తన చొక్కా జేబులో ఉన్నట్టే మాట్లాడతాడు. రెండేళ్ల కిందట వైజాగ్ సభల్లో ఒక ప్రసంగం విన్నాడు. తొలి రోజుల్లో శిష్యుల పేర్లు తగిలించుకుని ఇంకా చాలా సువార్తలు బయల్దేరాయట. చిన్నారి యేసు మట్టి పిచ్చుకలు చేసి చప్పట్లు కొడితే అవి ఎగిరిపోయాయని ఒకదాంట్లో ఉందట. బియ్యంలో రాళ్లలా వాటిని పెద్దలు ఏరి పారేశారట. అప్పట్నుంచి ఆయనకి ప్రతి గింజా రాయిలాగే కనిపిస్తోంది.

"ఇది ఆ పారేసిన సరుకే," అన్నాడు. "నాకు వాసనే చెప్పేస్తాది."

"నేనెక్కడో విన్నట్టుందన్నయ్యా," గొణిగాడు పక్కనున్న సన్యాసిరావు.

"టీవీలో వినుంటావు. అందులో కల్తీ తప్ప ఏటుంది?" అని దేవే వైపు తిరిగాడు. "నీకెవరు చెప్పారీ కత?"

"నాకు చదువు రాదయ్యా. గీ ఫోన్ల విన్న. కోంట సంతల మెమరీ కార్డులు పంచిండ్రు. మా దొర్ల మాటల్ల ఉన్నది."

"విన్నారా! ఎండుచేపలూ సువార్తా ఒకే సంతలో!"

దేవే తల దించుకుంది. కానీ ఊరుకోలేదు.

"నాకు గా కథనే ఇష్టమయ్యా. ఒక్కసారికే సరిగ కనబడలేదని ఆయన వాన్ని ఇడిసిపెట్టలే. నాకు గూడ అన్ని ఒక్కసారికే తెల్వయి. నన్ను గూడ ఇడిసిపెట్టడనుకున్న."

గుమ్మంలో నిలబడిన సునీల్ "నాన్నా..." అన్నాడు.

"నువ్వు నోర్ముయ్."

ఇమ్మానుయేలుకి జాలి వెయ్యలేదు. హాయిగా ఉంది. అడవి కోడలు వద్దని తను అననక్కర్లేకుండా పోయింది. వాక్యమే వద్దంటోంది. ఇంక ఈ ముక్క పుస్తకంలోకి ఎక్కితే పాస్టరుగారు వచ్చినా మార్చలేరు.

"మినిట్స్ పుస్తకం తియ్యమ్మా శాంతిప్రియా. రాయి. ఫలానా సువార్త తప్పుడుది. క్రైస్తవులు చెవిన పెట్టదగనిది. దాన్ని నమ్మిన వాళ్లకి ఈ సంఘంలో బాప్తిస్మం లేదు. ఫలానా దగ్గర ఖాళీ వదిలెయ్. ఆ దిక్కుమాలిన దాని పేరేటో చూసి తర్వాత నింపుదాం."

ఆమె రాసింది. ఇమ్మానుయేలు అందరికంటే ముందు సంతకం చేసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. సన్యాసిరావు కాసేపు పెన్ను పట్టుకు కూర్చుని, అన్నయ్య చూపు తట్టుకోలేక తనూ పెట్టాడు.

"ఇప్పుడా ఫోనియ్యి."

దేవే ఆ కథ ఉన్న చోట ఆపి, ఫోను బల్ల మీద పెట్టింది. తెర మీద హిందీ అక్షరాలు. ఇమ్మానుయేలు దాన్ని చూడను కూడా చూడకుండా వేలి కొనతో శాంతిప్రియ వైపు నెట్టాడు. ఆమె బళ్లో హిందీ టీచరు.

"పేరు పైకి చదివి మరీ రాయమ్మా. ఎలాంటి చెత్తని నెత్తికెత్తుకున్నాడో మావాడు కూడా వినాలి."

శాంతిప్రియ ఖాళీ మీద పెన్ను ఆనించి, తెర మీది పేరు తెలుగులో పైకి చదివింది: "మార్కు సువార్త, ఎనిమిదో అధ్యాయం."