కింది అర

“కింది అరలో దిండు గలేబులు చూపించమ్మా,” అంది కొననమ్మ.

దుప్పట్ల కౌంటరావిడకి ఒళ్లు మండింది.

ఆ ముసలావిడ రోజూ రెండు పూటలా దిగబడుతుంది. పై అరలవంక కన్నెత్తి చూడదు. కింది అరలోవే కావాలి, ఒక్కొక్కటే మడత విప్పాలి, చివరికి ఒక్కటీ కొనదు. అందుకే ఆ పేరు.

ఆ కొట్లో తలుపు తీసింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. కింది అరలోవి చూపించేటప్పుడు తప్ప పీట ముట్టుకోకూడదు. చెప్పొద్దూ, కౌంటరావిడకి ఆ కాసేపే కాళ్లలోకి ప్రాణం లేచొచ్చేది. కోపంలో అది గుర్తుంటుందా!

ఎనిమిదేళ్లుగా నిలబడి నిలబడి పిక్కలమీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. ఆ రోజు మరీ సలుపుతున్నాయి.

“కొనేది లేదు, పెట్టేది లేదు! వేధించడానికి నేనే దొరికానా? ఇంకోసారి ఈ ఛాయలకి రాకు!”

ముసలావిడ నొచ్చుకోలేదు. విప్పిన గలేబుని అంచుకి అంచు కలిపి చిటికెలో మడిచి పెట్టింది.

“కాలు చూపించుకో తల్లీ,” అని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

డాక్టరమ్మ కాళ్లు చూసి నిట్టూర్చింది.

“సూదిమందు చిన్న నరాలకే. మీవి ముదిరాయి. తొడ దగ్గర కోసి నరం లాగేయొచ్చు, లేదా సన్నటి తీగ పంపించి లేజరు వేడితో లోపలే మూసేయొచ్చు.”

“మూసేస్తే రక్తం ఎటు పోతుందండీ?”

“బాగున్న నరాలు చూసుకుంటాయి. ఆ రోజే నడుస్తారు. కానీ ఇలాగే నిలబడితే ఇంకో నరం ఉబ్బుతుంది. గంటకోసారి పది నిమిషాలు కూర్చోవాలి.”

“ఆ మాట మా మేనేజరుకి ఎక్కించే సూది ఉందాండీ?”

లేజరే చేయించుకుంది. మూడో వారం బిగుతు మేజోళ్లు తొడుక్కుని కొట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా పీట లాక్కుని కూర్చుంది.

మేనేజరు ఉరుక్కుంటూ వచ్చాడు.

“ఏమిటీ కొలువు? లే!”

“గంటకోసారి పది నిమిషాలు కూర్చుంటా. నా కాళ్లు మీ కొట్టు సామాను కాదు.”

“ఉద్యోగం ఊడుతుంది.”

ఈవిడకి ఇంట్లో చదువుకుంటున్న కూతురు కళ్లలో మెదిలింది. లేవబోతూ కౌంటరు అంచు పట్టుకుంది.

“నీకు ముందు ఈ కౌంటర్లో ఉన్నావిడ కూడా పీటకోసం ఇలాగే మొండికేసింది. పంపించేశాం,” అన్నాడు మేనేజరు. “తర్వాత సిగ్గులేకుండా రోజూ వచ్చి, కింది అర చూపించమని నిన్ను వేపుకు తినేది కదా... ఆవిడే!”

కౌంటరు అంచు వదిలేసి, ఈవిడ పీటమీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.