ఆదివారం బియ్యం

ఆయన పేపరు ఊపుకుంటూ వాకిట్లోంచే అరిచారు. "రత్నా, బియ్యం కంట్రోలు ఎత్తేశారు!"

మా పెళ్ళయి అప్పటికి పంతొమ్మిది రోజులు. వేసవి సెలవులకి ఏలూరులో మా పుట్టింట్లో ఉన్నాం.

ఇక కార్డుల్లేవు, క్యూల్లేవు, రాళ్ళ బియ్యం లేదు. సాయంత్రానికల్లా నాన్నగారు బస్తా సన్నబియ్యం దింపించారు. దోసిట్లో పోసుకుని వాసన చూస్తున్నాను.

"బి.ఏ. చదివి బియ్యానికి ఇంత సంబరమా?" అని నవ్వారు ఆయన.

బడులు తెరిచేవేళకి, కొల్లేటి పక్కన ఆయన ఊరికి కాపురానికి వెళ్ళాను. అక్కడి మిషన్ బడిలో ఆయన టీచరు.

అక్కడ నాకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. వంటకి బియ్యం తీసినప్పుడల్లా ఒక గుప్పెడు దేవుడి కుండలో వెయ్యడం మరీను. ఇంటింటి గుప్పెళ్ళూ ఆదివారం చర్చిలో ఒకే గంపలో పోసి, ఆరాధన కాగానే వేలం వేస్తారట.

"నీ గుప్పిడి చిన్నదమ్మాయ్, రెండు వెయ్యి," అన్నారు అత్తయ్య.

ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క.

సంఘపెద్ద అహరోను గారు గంప ముందుకి జరిపారు.

"నాలుగణాలండీ," అంది వెనకనుంచి ఒకావిడ.

గంపెడు బియ్యం నాలుగణాలకా!

"ఒకటోసారి, రెండోసారి..." బండి వెళ్ళిపోతున్నట్టు తొందరపడుతున్నారు అహరోను గారు.

"ఐదు!" అన్నాను.

మగవాళ్ళలోంచి మా ఆయన కళ్ళెగరేశారు. "ఆరు!"

"ఏడు!"

అత్తయ్య నా మోచెయ్యి గిల్లారు. మురిసిపోతున్నారనుకున్నాను.

"ఎనిమిది!"

"రూపాయి!"

వెనకనుంచి మళ్ళీ ఆ గొంతు రాలేదు.

అహరోను గారు నావైపే చూస్తూ నిలబడ్డారు. మూడోసారి అనడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

ఎవరూ నవ్వలేదు.

గంప మా ఆయనే మోశారు. సగం దారిలో అత్తయ్య ఆగారు.

"ఆ వెనక వేలం పాడింది కృపమ్మ," అన్నారు. "మొగుడు లేడు. ముగ్గురు పిల్లలు. నాట్లు పడేదాకా కూలి లేదు. మీరు ఏలూరులో ఉన్నప్పుడే కంట్రోలు షాపు మూసేశారు, అప్పట్నుంచీ కొట్టులో బియ్యం కొనలేకపోతోంది. ఊరికే ఇస్తే పుచ్చుకోదు. అందుకని ఆవిడ పాడాక ఇంకెవరం పాడం."

"ఆ మాట ముందు చెప్పొచ్చుగా అమ్మా!" అన్నారు ఆయన.

"చెప్పుకునే మాటేనా అది?"

గంప తిన్నగా తీసికెళ్ళి కృపమ్మ పాక ముందు దించాం.

లోపల పెద్దపిల్ల అప్పటికే ఎసరు పెట్టేసింది. మరుగుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది.

"తెలీక పాడానండీ. ఇవి మీవే," అన్నాను.

"అయ్యో, నావెలా అవుతాయమ్మా? మీరు పాడుకున్నారు."

"ఆ నాలుగణాలే ఇవ్వండి," అన్నారు ఆయన.

"రూపాయి పలికిన బియ్యమండీ అవి."

గంప వైపు చూడకుండా నా వైపు చూసి నవ్వింది. "కొత్త కోడలివి. చక్కగా వండుకు తినమ్మా."

లోపలికి తిరిగి, "ఎసరు దించెయ్యవే," అంది.

తర్వాత ఆయనతో, ఎంతో మర్యాదగా చెప్పింది.

"మాస్టారండీ, రేపు పెద్దదాన్ని బడికి పంపనండి. తిండికి కలువ దుంపలు తవ్వుకోడానికి కొల్లేట్లో దిగుతాం."